కిటికీ మీద రెండు దెబ్బలు

షాపులో వరసగా ఆరు అట్టపెట్టెలు.
ఒక్కోదాని మీద ఒక్కో కోత:
అరవై మైళ్లు, నూట యాభై, రెండు వందలు.
మెయిన్ రాష్ట్రపు ఈ ఉత్తరపు కొసన
రెండు వందల మైళ్ల అవతల అడవి తప్ప ఏముందో
అమ్మేవాణ్ణి, నాకే తెలీదు.

ఓడిల్ థెరియోకి ఎనభై ఆరు.
పెట్టెల మీది బొమ్మల జోలికి పోలేదు.
కంటి నడుమ నల్లచుక్క పడి నాలుగేళ్లు.
ఎవరి మొహమైనా చూడాలంటే
పక్కకు తిరిగి, వాళ్ల చెవినేదో పరీక్షిస్తున్నట్టు చూస్తుంది.
"తెర ఎంతుంటే నాకేం నాయనా,
గొంతు తెగకూడదు" అంది.

ముప్పై ఏళ్లుగా యాంటెనాలు అమ్ముతున్నాను.
అందరూ బొమ్మ గురించే అడిగారు.

పాతరోజుల్లో
తెర నిండా మంచు కురుస్తున్నా
ఆ మంచులోంచే నడిచి వచ్చేది గొంతు,
గడపలో బూట్లు దులుపుకుంటూ.
ఇప్పటి ప్రసారానికి ఆ మొహమాటం లేదు.
వస్తే అద్దం. రాకపోతే
బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి
మాట మధ్యలో ఎవరో నోరు మూసినట్టు
నిశ్శబ్దం.

ఆదివారం నిచ్చెన వేసుకుని వెళ్లాను.
ఇంటికప్పు మీద మొగుడు ఆర్మాన్ బిగించిన పాతది,
తిని పారేసిన చేపముల్లులా, సగం పళ్లు రాలి.
ఉంచుదామా అని నసిగాను.
"తుప్పుని ఏం చేసుకుంటాను?
ఆయనే ఉంటే ఎప్పుడో పీకేసేవాడు."

మేనకోడలు జినెట్ ఫోన్లో:
మోటారు పెట్టించు అత్తా,
మీట నొక్కితే ఎటంటే అటు తిరుగుతుంది.
"ఇప్పటికే మూడు రిమోట్లు.
ఒకటి టీవీది, ఒకటి దేనిదో,
మూడోది దొరకదు."

అంటే దిక్కు ఒక్కటే. ఏదో ఒకటి తేల్చుకోవాలి.
దక్షిణాన మన స్టేషను: ఇంగ్లీషు వార్తలు,
బడిపిల్లల బాస్కెట్‌బాల్, బంగాళదుంపల ధర.
ఉత్తరాన నది. నది దాటితే కెనడా, ఫ్రెంచి.
ఫ్రెంచిలో నవ్వినందుకు
ఈవిడ చేత బడిలో
వందసార్లు ఒకే వాక్యం రాయించారట.
వాక్యం గుర్తులేదు, సుద్ద వాసన గుర్తుంది.
"అవతలి ఊళ్లో వాతావరణం చెప్పే పిల్ల ఒకతె ఉంది.
మంచు అనే మాటని
అచ్చం మా అమ్మలా పలుకుతుంది."

నేను తెచ్చింది రెండు వందల మైళ్లది కాదు.
పొడుగు చేతులు, పొట్టి పళ్లు కలిసిన మధ్యరకం.
దూరం అందుకోవడం గొప్ప కాదిక్కడ,
కొండ భుజం మీంచి తొంగిచూడాలి, అంతే.
పదడుగుల గొట్టం, కొత్త తీగ,
పిడుగుకి భయపడి భూమిలోకి ఇంకో తీగ.

పైన నేను, చేతిలో మీటరు.
లోపల ఆవిడ, టీవీకి చెవి ఆనించి.
ఒప్పందం: గొంతు తెగకుండా వస్తే
కిటికీ మీద రెండు దెబ్బలు.

మీటరు నిండుగా వెలిగింది. ఇక్కడే అనుకున్నాను.
కింద చప్పుడు లేదు.
బొటనవేలి మందం తిప్పాను.
మీటరులో ఒక గీత తగ్గింది.
ఇంకొంచెం. ఇంకో గీత పోయింది.
మీటరు బలమే చెబుతుంది,
కొండకి కొట్టుకుని తిరిగొచ్చిన ప్రతిధ్వనిని కూడా
బలం కిందే లెక్క వేస్తుంది వెర్రిది.

టక్. టక్.

వేళ్లు కొంకర్లు పోతుంటే బోల్టులు బిగించాను.
దక్షిణం పోయిందని జినెట్‌కి
నేనైతే చెప్పలేదు.

దిగి లోపలికి వెళ్లేసరికి
పెనం మీద బక్‌వీట్ అట్లు, కూలి కిందే లెక్క.
ఆవిడ టీవీకి పక్కగా నిలబడి ఉంది.
ఆ మూల నుంచి తెర ఎవరికీ కనబడదు.
ఆ పిల్ల ఏదో అంది,
నాకు అర్థమైంది ఎనిమిది సెంటీమీటర్లు ఒక్కటే.
ఓడిల్ చూపుడువేలి కణుపుల మీద
బొటనవేలిని జరుపుతూ లెక్కేసింది.

"మూడంగుళాలు. రాత్రికే.
నిచ్చెన బయట వదిలెయ్యకు."